పెరిగే మొక్కకు కొలత

ఆ వీధిలో ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. అందరికీ ఆమె వదులక్కే. మొదట్లో చాటుగా అనుకునేవారు. ఒకరోజు ఎవరో నోరుజారి ముఖం మీదే అనేశారు. "బిగుతక్క అనిపించుకోవడం కంటే నయమేలే" అని ఆమె నవ్వేసరికి ఇక ఆ పేరుకు అడ్డూ ఆపూ లేకుండా పోయింది.

పేరు ఊరికే రాలేదు. మేడమెట్ల కింద, ఇంటిని ఆనుకునే ఉన్న చిన్న కొట్టులో ఆమె పిల్లల బట్టలు కుట్టేది. ఒకటో తరగతి పిల్లకు గౌను కుడితే మూడో తరగతి దాటినా పనికొచ్చేది. భుజాలు మోచేతుల దాకా జారేవి, చేతులు వేళ్ళను మింగేసేవి. ఎవరైనా నోరెత్తితే "ఎదిగే పిల్లలు కదమ్మా" అనేది. తల్లులకు ఆమె అంటే ప్రాణం, పిల్లలకు హడల్. కొట్టులో ఓ మూల కూర్చుని కాజాలు తీసి, గుండీలు కుట్టే ముసలాయన ఒకాయన ఉండేవాడు. కాజాల తాత అనేవారు. కళ్ళజోడు ముక్కు చివర, మాట నాలుక చివర. "కుర్రాడు చొక్కా తొడుక్కున్నాడా, చొక్కానే కుర్రాణ్ణి తొడుక్కుందా?" అని కొట్టుకొచ్చిన ప్రతి పిల్లాడినీ ఆటపట్టించేవాడు. వాడు ఏడుపుమొహం పెడితే జేబులోంచి ఓ రంగు గుండీ తీసి చేతిలో పెట్టేవాడు.

వదులక్కకు ఈ వదులు పిచ్చి ఎందుకు పట్టిందో తెలియాలంటే ఆమె చిన్నప్పటి సంగతి ఒకటి చెప్పాలి. వాళ్ళక్క ఈనెపుల్లలా బక్కపలచన. ఈమె పుట్టుకతోనే బొద్దు. ఇంట్లో కొత్త గౌను అక్కకు, అక్క విడిచిన గౌను చెల్లెలికి. ఈనెపుల్ల బట్టలో గుమ్మడికాయను దూర్చితే ఏమవుతుందో అదే అయింది. బళ్ళో ఒకరోజు బోర్డు పైభాగం తుడవడానికి చెయ్యెత్తగానే చంక నుంచి నడుం దాకా గౌను పర్రున చిరిగింది. క్లాసంతా గొల్లుమంది. పక్క క్లాసులోంచి అక్క వచ్చింది. ఎవరినీ ఏమీ అనలేదు. చెల్లెలి పక్కకు ఆనుకుని, చిరుగు కనబడకుండా చెయ్యి అడ్డుపెట్టి, ఇంటి దాకా అలాగే నడిపించుకొచ్చింది. తన చేతిమీదుగా పోయే ఏ గుడ్డా ఎవరినీ ఇరుకున పెట్టకూడదని ఆ పిల్ల ఆ దారిలోనే ఒట్టేసుకుంది.

ఆ అక్క ఒక వానాకాలంలో జబ్బుపడి, మళ్ళీ ఎండలు ముదరకముందే పోయింది. బావ దూరాలు తిరిగే లారీ తోలతాడు. ఇంటిపట్టున ఉండే మనిషి కాదు. అక్క కూతుర్ని తానే పెంచుతానని వదులక్క అడిగింది. ఆయన తలొంచుకుని ఒప్పుకున్నాడు.

ఆ పిల్లను తల్లి గువ్వ అని పిలుచుకునేది. అందరికీ అదే అలవాటైంది. గువ్వ వచ్చినరోజు భుజాన ఒక బ్యాగు ఉంది, ఒళ్ళో ఒక మట్టికుండీ ఉంది. కుండీలో ఫెర్న్ మొక్క. ఆకులు పిల్ల మొహాన్ని సగం కప్పేశాయి. బండి దిగగానే పలకరింపులైనా కాకుండానే అది ఒక మాట చెప్పింది.

"దీన్ని నువ్వు ముట్టుకోకు పిన్నీ. నీళ్ళు నేనే పోస్తా. ఇందులో మట్టి అమ్మ కలిపింది."

"సరేనమ్మా. నేను దాని జోలికే రాను."

బ్యాగు మాత్రం మంచం కిందకు పోయింది. గువ్వ బట్టల కోసం వదులక్క బీరువాలో ఒక అర ఖాళీ చేసిపెట్టింది. ఆ అర ఖాళీగానే ఉండిపోయింది. గువ్వ రోజూ బ్యాగులోంచి బట్టలు తీసేది, ఉతికి ఆరాక మళ్ళీ మడిచి బ్యాగులోనే పెట్టేది. రేపో మాపో బయల్దేరే చుట్టంలా ఉండేది. వదులక్క దానికోసం మంచి మంచి గుడ్డలు ఏరి గౌన్లు కుట్టింది. అవి కొక్కేనికి వేలాడుతూనే ఉన్నాయి. తల్లి కొన్న గౌన్లు చంకల దగ్గర పట్టేస్తున్నా గువ్వ వాటినే వేసుకునేది. ఆ చంకల కేసి చూసినప్పుడల్లా పిన్నికి తన గౌను చిరిగిన చప్పుడే చెవుల్లో వినబడేది. అయినా నోరు విప్పలేకపోయేది. కన్నతల్లిని పోగొట్టుకున్న పిల్లతో గౌను గురించి ఏం వాదిస్తాం?

కుండీకి ఇస్త్రీబల్ల పక్క కిటికీలో చోటు దొరికింది. ఎండ నేరుగా పడదు, తడిగుడ్డ మీద ఇస్త్రీపెట్టె ఆనినప్పుడల్లా ఆవిరి లేస్తుంది. మొక్కకు ఆ చోటు తెగ నచ్చింది. ముట్టుకోనని మాటిచ్చింది కాబట్టి వదులక్క చేతులు వెనక్కి కట్టుకుని దాన్ని చూసేది. చూస్తే మతిపోయేది.

కత్తెర పట్టిన మనిషి కదా, ఆమె కళ్ళు ముందు కోత మీదకే పోతాయి. ఒక్కో పొడుగాటి ఈనెకు రెండువైపులా చిన్న ఆకులు. ఈనె మొత్తంగా ఏ ఆకారంలో ఉందో ఆ చిన్న ఆకూ అదే ఆకారం. ఆ చిన్న ఆకు అంచున ఉన్న బుల్లి రేకు కూడా అదే. పెద్ద సైజు, నడిమి సైజు, పసిపిల్లల సైజు. మూడు సైజుల్లో ఒకే గౌను కత్తిరించాలంటే ఆమె మూడు కాగితపు నమూనాలు వేసుకునేది, అయినా ఏదో ఒకటి వంకర పోయేది. ఇక్కడ సుద్ద గీత లేదు, టేపు లేదు, ఒక్క పీలిక వృథా లేదు.

"తాతా, ఇటొచ్చి చూడు. ఎవరు కత్తిరించారంటావు ఇది?"

తాత ఆకు కింద మొహం పెట్టి చాలాసేపు చూశాడు. "ఎవరైనాగానీ, మన కొట్టుకు పనికి రారు. మనం ఇచ్చే జీతానికి అస్సలు రారు" అన్నాడు.

కొన్నాళ్ళకు బట్టలివ్వడానికొచ్చిన ఒకావిడ ఆకు తిరగేసి చూసి "అయ్యో, పురుగు పట్టిందండీ. సబ్బునీళ్ళతో గీకేయండి" అని హడలగొట్టింది. నిజమే, ఆకు అడుగున గోధుమరంగు చుక్కలు బోలెడు. గువ్వ బళ్ళో ఉంది. అది వచ్చేలోగా గీకేద్దామని వదులక్క పాత పళ్ళబ్రష్షు తీసింది. మాటకంటే మొక్క ముఖ్యం కదా అనుకుంది. సూదిలో దారం ఎక్కించే కళ్ళజోడు పెట్టుకుని ఆకు ఎత్తింది, ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఆగింది. చుక్కలు నడిమి ఈనెకు అటూ ఇటూ రెండు వరసల్లో ఉన్నాయి. చుక్కకూ చుక్కకూ మధ్య ఎడం ఎక్కడా వెంట్రుకవాసి తేడా లేదు.

"పురుగు ఇలా వరసలో కూర్చుంటుందా తాతా?"

"పురుగా? నేను టేపు పెట్టి గుర్తులేసుకున్నా ఇంత సమంగా గుండీలు కుట్టలేను" అన్నాడు తాత. ఆయన తన పని కంటే మరొకరి పని మేలని ఒప్పుకోవడం అదే మొదలు. సాయంత్రం గువ్వ వచ్చి తేల్చేసింది. "అవి దీని విత్తనాల్లాంటివని అమ్మ చెప్పింది. పొడిలా రాలతాయంట." పళ్ళబ్రష్షు గప్‌చుప్‌గా డబ్బాలోకి పోయింది.

అక్కడితో కథ సుఖంగా అయిపోతే బాగుండేది. ఎండలు మొదలయ్యేసరికి ఆకుల కొసలు ఎండడం మొదలైంది. గువ్వ నీళ్ళు పోస్తే పోసినవి పోసినట్టే అడుగు చిల్లులోంచి పళ్ళెంలోకి దిగిపోయేవి. తాను చాలినన్ని పోయడం లేదేమోనని ఆ పిల్ల బడికి పోయేముందు పోసేది, వచ్చాక పోసేది. పుస్తకం ముందేసుకున్నా చూపు కిటికీ మీదే. వదులక్కకు రోగం తెలుసు. ఇరుకు సంగతి ఆమెకు కాక ఇంకెవరికి తెలుస్తుంది?

"కుండీ పట్టడం లేదే దానికి. మారుద్దామా?"

"వద్దు." గువ్వ కుండీకి అడ్డం నిలబడింది. "మారిస్తే అమ్మ మట్టి పోతుంది."

తగువు తీర్చింది మొక్కే. ఒక మధ్యాహ్నం మెషిన్ ఆపి అడుగు దారం బాబిన్ మారుస్తుంటే టప్పుమని చప్పుడైంది. తిరిగి చూస్తే మట్టికుండీ అంచు నుంచి అడుగు దాకా నిలువునా పగిలింది. పగుల్లోంచి తెల్లటి వేళ్ళు తొంగిచూస్తున్నాయి. ఎవరూ తాకలేదు, గాలైనా లేదు. తాత సూది పట్టుకున్న చేత్తోనే వచ్చి ఆ వేళ్ళను చూశాడు. దారం కంటే లావు లేవు. "జన్మంతా దారంతో బతికాను. దారం కుండ పగలగొడుతుందని ఎవడైనా చెబితే నవ్వేవాణ్ణి" అన్నాడు. ఆయన గొంతులో వేళాకోళం లేదు.

గువ్వ బడి నుంచి వచ్చి చూసింది. పెదవి కొరుక్కుంది. "సరే, మార్చు. మట్టి మాత్రం ఒక్క రవ్వ కూడా పారెయ్యకు."

కోతబల్ల మీద పాత దుప్పటి పరిచి పెంకులు ఒక్కటొక్కటే తీశారు. ముగ్గురూ అలాగే నిలబడిపోయారు. కుండీ తీసేసినా కుండీ నిలబడే ఉంది. వేళ్ళన్నీ ఒకదాన్నొకటి అల్లుకుని, చుట్టి చుట్టి, కుండీ ఆకారంలోనే గట్టిపడ్డాయి. అంచు దగ్గరి గాడి అచ్చు పడింది, అడుగున చిల్లు అచ్చు కూడా పడింది. అలాంటి నేత ఏ మగ్గం మీదా నేయలేరని వదులక్కకు అనిపించింది. చేతులు జోడించాలన్నంత గౌరవం కలిగింది. గువ్వ మాత్రం ఆ నేతలో వేలితో వెతుకుతోంది.

"మట్టేదీ?"

ఎక్కడా లేదు. దుప్పటి మీద రాలింది చిటికెడు దుమ్ము.

"నేనే పోగొట్టాను. నీళ్ళు ఎక్కువ పోసి కడిగేశాను" అంది గువ్వ.

"కిందకు పోతే పళ్ళెంలో ఉండాలి కదే? పళ్ళెం చూడు, ఏముంది? పైకి పోయుంటుంది. ఆ ఆకులన్నీ ఎక్కణ్ణుంచి వచ్చాయనుకున్నావు?" అంది వదులక్క.

గువ్వ ఆకుల వంక చూసింది. నమ్మిందో లేదో తెలియలేదు.

ఇదుగో, ఇక్కడ వదులక్క తన జన్మలోకెల్లా పెద్ద పొరపాటు చేసింది. ఆమె తప్ప ఇంకెవరూ చేయని పొరపాటు. మొక్కలమ్మే చోట ఉన్నవాటిలోకెల్లా పెద్ద కుండీ ఏరి, రిక్షాలో వేయించి తెచ్చింది. ఎదిగే మొక్క కదా! మళ్ళీ ఎన్నేళ్ళకూ ఇరుకన్న మాట రాకూడదు. తాత గుమ్మంలోనే ఆపి "ఇది కుండీయా, స్నానాల తొట్టా?" అన్నాడు. ఆమె పట్టించుకోలేదు. మట్టి నిండుగా పోసి, మధ్యలో మొక్కను నాటి, చెంబులకు చెంబులు నీళ్ళు పోశారు. ఆ రాత్రి ఆమె హాయిగా నిద్రపోయింది.

మొదట కింది ఆకులు పసుపుబారాయి. తర్వాత నడిమివి. ఎండిపోతున్నట్టు కూడా లేదు, నీరసంగా వాలిపోతున్నాయి. చూసినవాళ్ళంతా తలో మాట చెప్పారు. గువ్వ తిట్టినా బాగుండేది. కంచం ముందు కూర్చునేది, కెలికేది, లేచిపోయేది. నాన్న ఎప్పుడొస్తాడని మాత్రం ఒకసారి అడిగింది. ఊడ్చేటప్పుడు వదులక్క మంచం కింద బ్యాగు జోలికి పోకుండా చీపురు చుట్టూ తిప్పేది. అక్క చేతి మొక్క తన చేతిలో చచ్చిపోతే ఈ పిల్లను ఏ మొహం పెట్టుకుని ఉండమనాలి? తన పక్కకు ఆనుకుని నడిచిన అక్కకు ఏం జవాబు చెప్పాలి?

జవాబు వానలో వచ్చింది. బడి యూనిఫాం మారడంతో గువ్వకు గత్యంతరం లేక పిన్ని కుట్టిన కొత్తది వేసుకోవాల్సి వచ్చింది. అసలే గుడారం. ఆరోజు దారిలో వాన పట్టుకుంది. పిల్ల గజగజలాడుతూ కొట్టులోకొచ్చింది. తడిసిన గుడ్డ మోకాళ్ళ కింద దాకా బరువుగా వేలాడుతూ ఒంటికి చుట్టుకుపోయింది. ఒళ్ళు తుడిచి, యూనిఫాంతోపాటు పాత పొట్టి గౌనును కూడా ఉతికి తీగమీద ఆరేశారు. పొద్దున్నకు గౌను కరకరలాడుతోంది. యూనిఫాం మడతల్లో ఇంకా తడే. వదులక్క దాన్ని మొహానికి దగ్గరగా పెట్టుకుంది. ముక్కిన వాసన. ఆ వాసన ఆమెకు తెలుసు. ఎక్కడ?

చెంగున కిటికీ దగ్గరకు పోయి కుండీలో వేలు గుచ్చింది. మట్టి లోపల చిత్తడి. అదే వాసన. నీళ్ళు పోసి ఎన్నో రోజులైంది. అంత మట్టి తడిస్తే ఆరేదెప్పుడు? పిడికెడు వేళ్ళు ఆ తడంతా ఎలా తాగుతాయి? తడిసిన గుడారంలో పిల్ల ఎలా వణికిందో మొక్కా అలాగే వణుకుతోంది, నోరు లేదంతే.

"గువ్వా! ఇలా రా. నేను దీనికి వదులు కుట్టానే. దీని ఒంటికి పట్టని కుండీ తెచ్చాను. తప్పు నాదే, నువ్వు పోసిన నీళ్ళది కాదు."

గువ్వ ఆమె మొహంలోకి చూసింది. పెద్దవాళ్ళు అలా అనడం అది ఎప్పుడూ వినలేదు. తర్వాత దుప్పటి తెచ్చి బల్లమీద పరిచింది.

మొక్కను పైకి తీస్తే బయటి వేళ్ళన్నీ నల్లబడి, పట్టుకుంటే చేతికి జారుతున్నాయి. కుళ్ళు కోసెయ్యాలి. వదులక్క సొరుగు తెరిచి తన పెద్ద కత్తెర తీసింది. ఆ కత్తెర గురించి వీధంతటికీ తెలుసు. గుడ్డ తప్ప ఇంకేదీ దాని నోట పడకూడదు. తాత ఒకసారి కాగితం కత్తిరించినందుకు ఆమె వారంపాటు ఆయనతో మాట్లాడలేదు.

"అమ్మాయ్! పదును పోతుందే!" తాత లేచి నిలబడ్డాడు.

"పోనీ తాతా" అని ఆమె కోత మొదలుపెట్టింది. గువ్వ మొక్కను రెండు చేతులా పట్టుకుంది.

నల్లటి పొరలు పోయేకొద్దీ లోపలివి గోధుమరంగులో, గట్టిగా వస్తున్నాయి. ఇంకొంచెం లోపలికి పోయేసరికి నేత విడింది. నడిమధ్యలో, వేళ్ళు గుప్పిటపట్టినట్టు పట్టుకున్న చోట, మట్టి ఉంది. కొత్త కుండీ మట్టి కాదు. ముదురుగా, మెత్తగా, మధ్యమధ్య తెల్లటి పలుకులతో. గువ్వ ఒక పలుకు గోటితో తీసింది.

"గుడ్డు పెంకు." దాని గొంతు వినబడీ వినబడనట్టుంది. "అమ్మ ఎండబెట్టి నూరి కలిపేది పిన్నీ. నేనే నూరేదాన్ని."

తాత కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మొక్క ఇరుకులో కుండ పగలగొట్టింది, వదులులో కుళ్ళిపోయింది, అయినా ఆ గుప్పెడు మట్టిని మాత్రం విడవలేదు. ఏ కన్నూ చూడనిచోట, ఎవరి మెప్పూ అడగకుండా దాచిపెట్టింది. వదులక్క ఆ గుప్పిట విప్పలేదు. అలాగే ఉంచింది.

తర్వాత మెడలో టేపు తీసి వేళ్ళముద్దకు నడుం కొలత తీసింది. చుట్టూ ఒక్క వేలు ఎడం, అంతే. ఆ కొలతకు తగ్గ చిన్న మట్టికుండీ గువ్వే వెళ్ళి ఏరుకొచ్చింది.

చాలారోజులు ఏమీ జరగలేదు. మిగిలిన నాలుగు ఆకులూ అలాగే ఉన్నాయి. తాత జోకులు మానేశాడు. ఒక ఉదయం గువ్వ కేక పెట్టింది. మొదలు దగ్గర, గోధుమరంగు నూగుతో, చుట్టలు చుట్టుకుని బటానీగింజంత ఒక చిగురు. అచ్చం టేపు చుట్టిపెట్టినట్టుంది. ముగ్గురూ రోజూ పనులాపుకుని దాని ముందు చేరేవాళ్ళు. చుట్ట మెల్లిగా విడుతోంది. విడిన మేరకు చూస్తే ఆకులన్నీ అప్పటికే కత్తిరించి ఉన్నాయి, రేకులతో సహా. బయటికొచ్చాక తయారయ్యేది ఏదీ లేదు. రేపటిదంతా లోపలే మడతపెట్టి ఉంది. ఇవాళ్టికి ఎంత కావాలో అంతే విప్పుకుంటోంది. వదులక్క దాని ముందు మోకాళ్ళమీద కూర్చుని చాలాసేపు లేవలేదు. ఇన్నేళ్ళు కుట్టుపని చేశాను, ఇంత చిన్న సంగతి నాకెవరూ చెప్పలేదే అనుకుంది.

"పిన్నీ" అంది గువ్వ వెనకనుంచి. "నాక్కూడా కొలత తియ్యి. ఇప్పటి కొలతే."

వదులక్క లేచింది. భుజం, ఛాతీ, నడుం, పొడుగు. పిల్ల ఎంత పెరిగిపోయిందో టేపు చెబితేగానీ ఆమెకు తెలియలేదు. గౌను సాయంత్రానికల్లా కుట్టేసింది. గువ్వ తొడుక్కుని అద్దం ముందు నిలబడితే భుజాలు భుజాల మీదే ఉన్నాయి. తాత నోరు తెరిచి, అనడానికి ఏమీ దొరక్క మూసుకున్నాడు.

గువ్వ అంచు తిరగేసి చూసింది. లోపల వెడల్పుగా మడత ఉంది. పక్క కుట్లలోనూ బోలెడు గుడ్డ దాగి ఉంది.

"ఇదేంటి?"

"అది ఇప్పటికి కాదులే. నువ్వు పొడుగైనప్పుడు విప్పుతాను."

"ఎవరు, నువ్వేనా?"

"నేను కాక ఇంకెవరే?"

గువ్వ ఇంట్లోకి పోయింది. కాసేపటికి మంచం కిందనుంచి బ్యాగు బర్రున ఈడ్చిన చప్పుడైంది. మెషిన్ మీద వదులక్క కాళ్ళు ఆగిపోయాయి. తాత సూది ఆగిపోయింది. బీరువా తలుపు కిర్రుమంది, మళ్ళీ మూసుకుంది.

గువ్వ వచ్చి ఖాళీ బ్యాగు ఆమె ఒళ్ళో పడేసింది.

"నీ గుడ్డపీలికలన్నీ కిందే పడుంటున్నాయి పిన్నీ. ఇందులో వేసుకో."